మోరి శ్రుతికి కీబోర్డే రావాలి

పెద్దలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

మన రాయగడ వీధుల్లో పెళ్ళి ఊరేగింపు చూడండి. ముందు సన్నాయిలా ఊదే మోరి, ఢోలు, డప్పు నడుస్తాయి. వెనక బండి మీద డీజే వస్తుంది. రెండూ ఒకే పెళ్ళికి వచ్చినవే, కానీ ఒకదాన్ని ఒకటి వినవు. ఈ రెండూ ఒకే వేదిక మీద వింటూ వాయించాలన్నది నా కోరిక. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడిని కాబట్టి నా చేతికి తెలిసిందే చెబుతాను.

మొదటిసారి గిరిజనుల ధింసా ఆట బృందంతో కలిసినప్పుడు పెద్ద తప్పు చేశాం. మోరి ఊదే పెద్దాయన స్వరం నా కీబోర్డు కంటే కాస్త పైన పలుకుతోంది. శ్రుతి సరిచేసుకోమని ఆయనకే చెప్పాం. ఆయన మోరిని ఒకసారి తిప్పి చూసుకుని ఊరుకున్నాడు. ప్రోగ్రాం అయ్యేదాకా గొంతు దాచుకున్నట్టు మెల్లగానే ఊదాడు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు బాధే.

అసలు సంగతేమిటంటే, కీబోర్డులో ఒక స్థాయిని, అంటే ‘స’ నుంచి పై ‘స’ దాకా, 12 సమాన భాగాలు చేసి పెడతారు. ‘ఏ’ స్వరం సెకనుకు 440 కంపనాలు. అది ఫ్యాక్టరీలో కట్టిన లెక్క. మోరి రంధ్రాలు మాత్రం చేసినవాడి చెవిని బట్టి పడ్డాయి. పడ్డ రంధ్రాన్ని జరపలేం. కీబోర్డును జరపగలం! ట్రాన్స్‌పోజ్ నొక్కితే అరస్వరం కదులుతుంది. ఆ అరస్వరంలో 100 సెంట్లు. ఫైన్ ట్యూన్‌తో అందులో కొన్ని సెంట్లు పైకో కిందికో వెళ్ళొచ్చు. గిటారుకైతే బిరడాలే ఉన్నాయి. అందుకే ఇప్పుడు ముందు మోరి ఊదమంటాను, దాని షడ్జానికి, అంటే ‘స’కి, మేమందరం చేరతాం. అప్పటికీ కొన్ని స్వరాలు నా రెండు మెట్ల మధ్య పడతాయి. అక్కడ కార్డులు, అంటే ఒకేసారి నొక్కే స్వరాల గుత్తులు, కట్టను, స, ప మాత్రం పట్టుకుని ఉంటాను.

పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్ గారిని తలుచుకోండి. మాండలిన్ మనది కాదు, అందులోనూ ఎలక్ట్రిక్‌ది. దాని కోసం ఆయన గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపి పలికించడాన్ని, తగ్గించలేదు, తీగలనే గమకానికి వంచారు. ఆ చేత్తోనే గిటారు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ప్రపంచ వేదికల మీద వాయించారు. దానికి ముందు 1970లలో మొదలైన ‘శక్తి’ బృందంలో కూడా గిటారు పక్కన విక్కు వినాయక్‌రామ్ గారి ఘటం ఘటంగానే మోగింది.

ఇక లయ. ధింసాలో ఆడవాళ్ళు వీపుల వెనక చేతులు కలిపి వరస కడతారు. ఢోలు వాయించేవాడు వాళ్ళ పాదాలను చూస్తూ వేగం పెంచుతాడు. ఆయన చెవిలో టిక్ టిక్‌మని తాళం చెప్పే క్లిక్ ట్రాక్ పెట్టి ఒకే వేగంలో కట్టేస్తే ఆట చచ్చిపోతుంది. రికార్డు చేసిన బీట్ వద్దు. మన ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ వాయించే కుర్రాడే చేత్తో వాయించాలి, ఢోలు ఎటు పోతే అటు పోవాలి. సౌండ్ ఇంజనీరు తమ్ముళ్ళకు ఒక మాట: ఢోలు అడుగు నాదం, బేస్ గిటారు ఒకేచోట పడతాయి. అక్కడ గిటారునే తగ్గించండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. నాకిచ్చిన దాంట్లో సగం కూడా మోరి ఆయనకు ఇవ్వని ప్రోగ్రాములు చేశాను. అప్పుడు నోరు విప్పలేదు. ఇప్పుడు ఇద్దరికీ ఒకే రేటు అంటేనే ఒప్పుకుంటున్నాను.

సౌండ్ చెక్ కూడా వాళ్ళతోనే మొదలుపెట్టాలి. మా వైర్లు సర్దడం అయ్యేదాకా వాళ్ళను మెట్ల కింద కూర్చోబెట్టవద్దు. కార్యకర్తలకు ఒక్క మనవి: చలికి, తేమకు డప్పు తోలు సడలిపోతుంది. వేదిక వెనక, టెంటు గుడ్డకు దూరంగా, కాస్త గడ్డి, నాలుగు పుల్లలు సిద్ధంగా ఉంచండి. డప్పు కాచుకుని వస్తారు, అప్పుడు మొదలుపెడదాం.