సముద్రం వేడి సరే, ఉప్పు సంగతేంటి?

పోయిన వీడియోలో ఒక లెక్క చెప్పాను కదా, ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలం 1951 నుంచి 2015 మధ్య సుమారు 1 డిగ్రీ వేడెక్కిందని, అదే కాలంలో ప్రపంచ సముద్రాల సగటు 0.7 అని. 2020లో కేంద్ర ప్రభుత్వం వేసిన వాతావరణ మార్పు నివేదికలోని అంకెలవి. దానికి ఎక్కువ మంది అడిగింది ఒకటే, "ఒక్క డిగ్రీకే ఇంత హడావిడి దేనికండీ?" అని. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే మన తీరం వరకు దీనికి థర్మామీటర్ ఒక్కటీ జవాబు చెప్పలేదు, ఉప్పు లెక్క కూడా చూడాలి. అదేమో ఎవరికీ పట్టదు.

బంగాళాఖాతంలోకి ఎన్ని నదులు వచ్చి పడతాయో చూడండి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, మన గోదావరి, కృష్ణ, ఆపైన వర్షం ఎలాగూ ఉంది. మామూలుగా కిలో సముద్రపు నీళ్లలో ఉప్పు సుమారు 35 గ్రాములు ఉంటుంది. వానాకాలం వెళ్లేసరికి బంగాళాఖాతం ఉత్తర తీరం దగ్గర అందులో 10 గ్రాములకు పైగా తగ్గిపోతుంది! ఆ చప్పబడ్డ నీళ్లు అక్కడే ఉండిపోవు. అక్టోబరుకల్లా తీరప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది, దాంతోపాటు ఈ నీళ్లు ఒడ్డు వెంబడి దాదాపు 100 కిలోమీటర్ల వెడల్పున శ్రీకాకుళం, విశాఖ, కాకినాడ దాటుకుంటూ రెండున్నర నెలల్లో దక్షిణ కొసకు చేరతాయి. "సముద్రంలో నది" అని దీనికి పేరు పెట్టింది శాస్త్రవేత్తలే.

దీన్ని పట్టుకున్నది ఎవరనుకుంటున్నారు? మత్స్యకారులు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు 2005 నుంచి తీరం వెంట కొన్ని చోట్ల మత్స్యకారులకు సీసాలిచ్చి, అయిదు రోజులకోసారి నీళ్లు పట్టి పంపమన్నారు. సీసా నింపి మూత గట్టిగా బిగించాలి, లేకపోతే నీరు ఆవిరైపోయి ఉప్పు ఎక్కువ చూపిస్తుంది. ల్యాబ్‌లో ఆ నీటిలోంచి కరెంటు ఎంత బాగా పారుతోందో కొలిచి, దాన్నిబట్టి ఉప్పు లెక్క కడతారు. ఆ సీసాల మీద వచ్చిన పరిశోధనే 2014లో అచ్చయింది. శాటిలైట్ ఉండగా ఈ తిప్పలెందుకు అంటారేమో, ఉప్పు కొలిచే శాటిలైట్‌కి ఒడ్డు దగ్గరికొచ్చేసరికి నేల అడ్డొచ్చి లెక్క తప్పుతుంది. సముద్రంలో వదిలే ఆర్గో తేలియాడే యంత్రాలేమో లోతు నీళ్లలోనే తిరుగుతాయి. ఒడ్డు దగ్గర మిగిలేది పడవా, సీసా.

ఇప్పుడు ఆ డిగ్రీ దగ్గరికొద్దాం. ఉప్పు తక్కువున్న నీళ్లు తేలిక, కింది ఉప్పు నీళ్ల మీద మూత వేసినట్టు పరుచుకుంటాయి. గాలి ఎంత వీచినా కిందిదీ పైదీ అంత తేలిగ్గా కలవవు, పడ్డ ఎండ వేడంతా పైనే ఉంటుంది. మామూలుగా తుఫాను సముద్రాన్ని చిలికి అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకి లాగి, తన బలం తనే తగ్గించుకుంటుంది. మన దగ్గర వానాకాలం తర్వాత ఆ చిలకడం సరిగ్గా జరగదు. 1977 దివిసీమ ఉప్పెన నవంబరులో, 2014 హుద్‌హుద్ అక్టోబరులో వచ్చాయి, సీజన్ గుర్తుపెట్టుకోండి. ప్రతి తుఫానుకీ ఉప్పే కారణమని నేననడం లేదు, గాలుల సంగతి వేరే ఉంటుంది. కానీ మూతలా పరుచుకున్న ఈ పై నీళ్లలో ఒక్క డిగ్రీ అదనంగా చేరితే, అది పైపైన ఊరికే పోయే వేడి కాదు.

మరి ముందు ముందు ఉప్పు పెరుగుతుందా, తగ్గుతుందా? ఒక్క ముక్కలో చెప్పేవాళ్లను నమ్మకండి. 1950 నుంచి 2000 వరకు ప్రపంచం మొత్తం లెక్క చూస్తే ఉప్పగా ఉన్న సముద్రాలు ఇంకా ఉప్పగా, చప్పగా ఉన్నవి ఇంకా చప్పగా మారాయి. ఆ ప్రకారం బంగాళాఖాతం ఇంకా చప్పబడాలి. కానీ తీరం దగ్గర డ్యాములున్నాయిగా. కృష్ణనే చూడండి, ఆల్మట్టి నుంచి ప్రకాశం బ్యారేజీ దాకా ఎక్కడికక్కడ ఆపుకుంటూ వస్తే, వానల్లేని ఏడాది హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసేది నామమాత్రం. అదే 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి పోయింది. ఇలా ఊగే చోట సగటు చూసి ఏం లాభం, రోజువారీ లెక్క కావాలి.

కాలిఫోర్నియాలో స్క్రిప్స్ అనే సముద్ర పరిశోధన సంస్థ జెట్టీ మీద 1916 నుంచి రోజూ వేడి, ఉప్పు కొలుస్తున్నారు. అందుకే 2018 ఆగస్టులో నీటి వేడిలో 1931 నాటి రికార్డు పోయిందని వాళ్లు ఖాయంగా చెప్పగలిగారు. మనకూ 1950ల్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తతో కలిసి వాల్తేరు తీరంలో ఇవే కొలతలు తీశారు, మొదలుపెట్టడంలో వెనకబడలేదు. అన్నేళ్ల రోజువారీ వరుస మాత్రం మనకు లేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ, మత్స్యకారులకు పంపే చేపల జాడ సమాచారం కూడా నీటి వేడి, నీటిలోని పచ్చదనం చూసి ఇచ్చేదే, అందులో ఉప్పు లేదు. భీమిలి నుంచి నిజాంపట్నం దాకా ఎన్ని హార్బర్లున్నాయి? ఒక్కోచోట ఒక మనిషికి కొంత డబ్బిచ్చి రోజూ ఒక సీసా పట్టించండి, రాష్ట్ర బడ్జెట్‌లో ఆ ఖర్చు కనపడను కూడా కనపడదు.