గైడ్ దగ్గరికి ఏం పట్టుకుని పోవాలి? డిగ్రీలో స్టాటిస్టిక్స్ రీసెర్చ్‌పై స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలకు ప్రాజెక్టుల టైమ్ ఇది. స్టాటిస్టిక్స్ చదివేవాళ్లు లెక్చరర్ పర్యవేక్షణలో నిజంగానే రీసెర్చ్ చేయొచ్చా? లేక జిరాక్స్ సెంటర్‌లో సీనియర్ ప్రాజెక్టు మీద పేరు మార్చి బైండింగ్ కొట్టించుడేనా? స్టూడియోలో నల్గొండ నుంచి డిగ్రీ కాలేజీ లెక్చరర్ గారు, మహబూబ్‌నగర్‌లో పుట్టి హైదరాబాద్‌లో రిటైరైన ప్రొఫెసర్ గారు, ఆ లెక్చరర్ గారి దగ్గరే ప్రాజెక్టు చేస్తున్న మక్తల్ ఫైనలియర్ విద్యార్థిని ఉన్నారు. మేడమ్, మీతోనే మొదలుపెడదాం.

లెక్చరర్: మీరు మొదలే మా బండారం బయటపెట్టిండ్రు. బైండింగ్ సంగతి నిజమే. కానీ పిల్లలనే అనకండి. చాలా కాలేజీల్లో స్టాటిస్టిక్స్‌కు ఒక్కరే ఉంటరు. మూడేండ్ల పేపర్లు, ప్రాక్టికల్స్, దోస్త్ అడ్మిషన్ల డ్యూటీ, ఎలక్షన్లొస్తే ఆ డ్యూటీ. ముప్పై మంది వచ్చి "మేడమ్, టాపిక్ ఇయ్యండి" అంటే ఏమిస్తం?

ప్రొఫెసర్: ఇవ్వకండి. టాపిక్ అడిగే పిల్లవాడికి టాపిక్ ఇస్తే, తర్వాత డేటా అడుగుతాడు, ఆ తర్వాత కోడ్ అడుగుతాడు. చివరికి ఆ ప్రాజెక్టు ఎవరిదమ్మా?

లెక్చరర్: సార్, ఇది హైదరాబాద్‌ల కూర్చుని అనుడు అల్కగనే ఉంటది. మా పిల్లలకు ప్రశ్న వేసుకోవచ్చు అన్న సంగతే ఎవరూ చెప్పలే. సిలబస్‌ల ఉన్నది చదువు, లెక్క చెయ్యి, రికార్డు రాయి. అంతే.

యాంకర్: అమ్మా, నువ్వు మేడమ్ దగ్గరికి ఏం పట్టుకుని పోయినవ్?

విద్యార్థిని: రెండు గ్రాఫులు పట్టుకపోయిన మేడమ్. పాలమూరులో వానలు తగ్గినయా, లేదా అని చూద్దామనుకున్న. మహబూబ్‌నగర్ జిల్లా సగటు వర్షపాతం ఏడాదివారీగా ఎక్సెల్‌లో ఎక్కించిన. గీత బాగనే పోయి, 2016 తర్వాత ఒక్కసారి మెట్టులెక్క మారింది. వాన గట్ల మారుతదా? మబ్బులకు కూడా జీవో వస్తదా అనుకున్న.

ప్రొఫెసర్: (నవ్వుతూ) వచ్చింది కదమ్మా!

విద్యార్థిని: అవును సార్, నిజంగనే వచ్చింది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు మార్చిండ్రు. పాత మహబూబ్‌నగర్‌ల 64 మండలాలుండె. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వేరే జిల్లాలైనయి, షాద్‌నగర్ రంగారెడ్డిలకు పోయింది. 2019ల మా నారాయణపేట గూడ వేరే అయ్యింది. అంటే అమ్రాబాద్ అడవి వాన, మా మక్తల్ వాన కలిపి తీసిన సగటు ఒకటి, అవి రెండూ లేకుండ తీసిన సగటు ఇంకొకటి. పేరు మాత్రం ఒక్కటే. రెండో గ్రాఫు అప్పుడు గీసిన, పాత జిల్లాలో మండలాలన్నీ మళ్లీ ఒక్కదగ్గర చేర్చి.

లెక్చరర్: ఆ రెండు కాగితాలు టేబుల్ మీద పెట్టి "మేడమ్, ఈ మొదటి గీతను నేను నమ్మను" అన్నది. ఇంక టాపిక్ గురించి మాట్లాడే పనేముంది? వెంటనే ఒప్పుకున్న.

ప్రొఫెసర్: ఇదే నేను అడిగేది. ఆ మొదటి గీత మీద మాన్-కెండాల్ టెస్టు, అంటే ఏళ్లు గడిచేకొద్దీ అంకెలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని చూసే పరీక్ష, పెడితే సాఫ్ట్‌వేర్ ఏదో ఒక పీ-విలువ, అంటే నిజంగా మార్పే లేకపోయినా ఇలాంటి గీత యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంతో చెప్పే అంకె, ఇచ్చేస్తుంది. దానికి జిల్లా విడిపోయిందని తెలియదు. ఆ సంగతి అడగాల్సింది మనిషి.

యాంకర్: అయినా ఇది కొత్త సిద్ధాంతం కాదు కదా సార్? దీన్ని రీసెర్చ్ అనొచ్చా?

ప్రొఫెసర్: డిగ్రీలో కొత్త సిద్ధాంతం ఎవరడిగారు? అచ్చయిన ఒక పేపర్ తీసుకో, అందులోని పద్ధతిని మన ప్రాంతం డేటా మీద పెట్టు, అదే ఫలితం వస్తుందో లేదో చూడు, రాకపోతే ఎందుకో తవ్వు. కాకపోతే విద్యార్థి ప్రశ్నను తక్కువ చేయొద్దు. 1940ల్లో మన స్టాటిస్టిక్స్ దిగ్గజం సి.ఆర్.రావు గారు కలకత్తా యూనివర్సిటీలో పాఠం చెబుతున్నారు. ఒక అంచనా ఎంతకు మించి కచ్చితంగా ఉండలేదో చెప్పే బ్రిటన్ స్టాటిస్టీషియన్ ఫిషర్ ఫలితం పెద్ద శాంపిళ్లకు వర్తిస్తుందని వివరిస్తుంటే, వి.ఎం.దాండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న శాంపిళ్లకు ఇలాంటిది నిరూపించలేమా అని అడిగారు. రావు గారు ఇంటికెళ్లి ఆ రాత్రి కూర్చుని సాధించారు. 1945లో అచ్చయింది. ఈరోజు ప్రపంచమంతా చదివే క్రామర్-రావు అసమానత అదే. 2023లో ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చినప్పుడు ఎంచిన పని కూడా అదే. దాండేకర్ ఆ తర్వాత పేరున్న ఆర్థికవేత్త అయ్యారు.

లెక్చరర్: రావు గారి లాంటి గైడ్ దొరికితే మేమూ లేచి అడుగుతుంటిమి సార్.

యాంకర్: ఫోన్‌లో మిర్యాలగూడ నుంచి ఒక విద్యార్థి ఉన్నారు. చెప్పు బాబూ.

కాలర్: మేడమ్, మా కాలేజీల స్టాటిస్టిక్స్‌కు గెస్ట్ ఫ్యాకల్టీనే. బయట యూనివర్సిటీ సార్లకు మెయిల్ పెడితే ఒక్కరు గూడ జవాబియ్యలే.

ప్రొఫెసర్: ఏం రాశావు బాబూ?

కాలర్: "రెస్పెక్టెడ్ సర్, నాకు రీసెర్చ్ మీద చాల ఆసక్తి, గైడ్ చేయగలరు" అని సార్.

ప్రొఫెసర్: అలాంటివి నాకు రోజూ వచ్చేవి. నేనూ జవాబివ్వలేదు, ఏం దాచుకోవాలి. మీ పేపర్ ఫలానాది చదివాను, ఫలానా టేబుల్లోని అంకెలు నేను లెక్కేస్తే రాలేదు, నా లెక్క ఇదిగో అని ఒకడు రాశాడనుకో, ఆ సాయంత్రమే ఫోన్ చేస్తాను. టేబుల్ తప్పేమోనని భయం కూడా ఉంటుంది కదా! ఇంకొకటి, ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఇన్సా (ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ), నాసి (నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఇండియా) కలిసి సమ్మర్ ఫెలోషిప్ ఇస్తాయి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని, స్టైపెండ్ కూడా. దానికి అప్లై చెయ్.

యాంకర్: మేడమ్, మీరు వారానికి ఎంత టైమిస్తరు?

లెక్చరర్: అరగంట, మంగళవారం మధ్యాహ్నం. వాట్సాప్‌ల "మేడమ్, ఎర్రర్ వస్తుంది" అని ఫొటో పెడితే చూడ. ఒక కాగితం కావాలె. పోయిన వారం ఏం చేసినవ్, ఎక్కడ ఆగినవ్, నీ అంచనాల ఎందుకు ఆగింది. ఆ మూడోది రాసేటప్పుడు సగం మందికి జవాబు వాళ్లకే దొరుకుతది. ఇంకో షరతు, ముడి డేటా ఫైలు ముట్టుకోవద్దు. సవరణలన్నీ ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ కోడ్‌లనే ఉండాలె. ఈమె మొదటి నెల ఎక్సెల్‌ల చేసిందంత మళ్లీ కోడ్‌ల చేయించిన, తిట్టుకున్నది.

విద్యార్థిని: కొంచెం తిట్టుకున్న.

యాంకర్: మరి వానలు తగ్గినయా?

విద్యార్థిని: మొత్తం వాన మీద ఇంక ఏం తేలలే మేడమ్. వాన పడ్డ రోజులు గూడ లెక్కేసిన. వాతావరణ శాఖ లెక్కల ఒక రోజుల 2.5 మిల్లీమీటర్లు పడితేనే వాన రోజు. చినుకు పడ్డ రోజులన్నీ కలిపితే కథ వేరే. ఇదంత మా నాయినకు చెప్తే, "నేనడిగింది మొత్తం కాదు బిడ్డా, ఇత్తనం పెట్టినంక వాన ఎన్ని రోజులు మొహం చాటేస్తుందో గది చెప్పు" అన్నడు.

ప్రొఫెసర్: చూశారా, అసలు ప్రశ్న ఆయన దగ్గరుంది! డ్రై స్పెల్. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు, వరుసగా ఎన్ని రోజులు 2.5 దాటలేదో లెక్కించు. ప్రతి ఏడాదిలో అతి పొడవైన ఎండ విరామం తీసుకో.

లెక్చరర్: జూన్ ఒకటి నుంచే ఎందుకు సార్? వానాకాలం రైతు ఇత్తనం పెట్టేది తొలి వానను బట్టి. ఏడాదికేడాది తారీఖు మారుతది. ఇత్తనం పడకముందు విరామం లెక్కేస్తే ఆయనకేం పనికొస్తది?

ప్రొఫెసర్: అయితే విత్తే రోజును డేటా నుంచే నిర్వచించాలి. రెండు మూడు రోజుల్లో కలిపి ఇంత వాన పడితే అని. ఆ "ఇంత" ఎంత?

లెక్చరర్: పత్తికి ఒకటి, కందికి ఒకటి. నల్లరేగడికీ, మా ఎర్రచెల్కకూ ఒకటే ఎట్లయితది?

విద్యార్థిని: మంగళవారానికి రెండు తీర్లా చేసుకొస్త మేడమ్, 20 మిల్లీమీటర్లతోటి ఒకసారి, 40తోటి ఒకసారి.

యాంకర్: ఇద్దరూ తేల్చుకునేలోపు ఒక చిన్న విరామం. వచ్చాక ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌ల గురించి మాట్లాడదాం.