కారణం తెలియకపోతే జబ్బు లేనట్టేనా?

(విజయనగరంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు వరసగా చెప్పడం మర్యాద. కానీ ఇచ్చిన టైము తక్కువ, చెప్పాల్సింది చాలా ఉంది, మన్నించండి. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌కి శారీరక కారణాల గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాదు, బోటనీ చెప్పి రిటైరైనవాణ్ణి. మా అక్క కూతురికి ఈ జబ్బుంది. అందుకే దొరికినదల్లా చదివాను.

పని చేస్తే ఎవరైనా అలిసిపోతారు, పడుకుంటే తేరుకుంటారు. ఈ జబ్బున్నవాళ్లు తేరుకోరు. కాస్త ఎక్కువ తిరిగినా, గంటసేపు చదివినా చాలు, మర్నాడో ఎల్లుండో కుప్పకూలిపోతారు. ఎవరు ఏ సిద్ధాంతం తెచ్చినా నేను రెండు ప్రశ్నలు వేస్తాను. ఈ మర్నాటి పతనం ఎందుకొస్తుందో అది చెప్పగలదా? వేరే ల్యాబ్‌లో వేరేవాళ్లు చూసినా అదే కనిపించిందా?

1955లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో 292 మంది సిబ్బందికి ఇలాంటి జబ్బే వచ్చింది. వైరస్ అనుకున్నారు, దొరకలేదు. 1970లో ఇద్దరు సైకియాట్రిస్టులు పాత కేసు కాగితాలు తిరగేసి, రోగుల్ని మళ్లీ పరీక్షించకుండానే, అది సామూహిక హిస్టీరియా అని రాసేశారు. రోగుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు కావడం కూడా వాళ్లకొక ఆధారమట! ఇక్కడున్న అమ్మలకి నేను వేరే చెప్పాలా?

తరవాత 2009లో ఎక్స్‌.ఎం.ఆర్‌.వి. అనే వైరస్. 101 మంది రోగుల్లో 68 మందికి ఉందని సైన్స్ పత్రికలో వచ్చింది. ఎంత ఆశ! మిగతా ల్యాబులు వెతికితే కనిపించలేదు. ల్యాబ్‌లోనే కలిసిన కాలుష్యమని తేలి, 2011లో ఆ వ్యాసం వెనక్కి తీసుకున్నారు.

నార్వే డాక్టర్లు రిటుక్సిమాబ్ అనే మందుతో మొదట 30 మందిలో మంచి ఫలితం చూశారు. వాళ్లే మళ్లీ 151 మందిలో పరీక్షించి, ఉత్తుత్తి మందు కంటే మెరుగు కాదని 2019లో వాళ్లే ప్రకటించారు. వాళ్లకి చేతులెత్తి దండం పెడతాను. తమ ఆశని తామే పరీక్షకు పెట్టడం కదా సైన్సంటే!

ఇక మా పిల్ల సంగతి చెప్పకుండా ఉండలేను. ఒక ఆసుపత్రిలో "బద్ధకం వదిలించుకో, రోజూ నడువు, వారం వారం పెంచు" అన్నారు. అయ్యకోనేరు గట్టు మీద పంతంగా నడిచింది. ఒకరోజు పొద్దున్న దువ్వెన చేతిలోంచి జారిపోయింది. మా అక్క జడ వేస్తుంటే తల నిలపలేక గోడకి ఆనించింది. పక్కింటావిడ వచ్చి, "ఏటమ్మా, మీ పిల్ల ఇంకా లెగలేదా?" అంది. లెగలేదమ్మా. డిగ్రీ కూడా ఆగిపోయింది. ఇలా వ్యాయామం పెంచుకుంటూ పొమ్మనే పద్ధతిని ఇంగ్లండ్‌లో నైస్ సంస్థ 2021లో తన మార్గదర్శకాల నుంచి తీసేసింది.

కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా, రోగనిరోధక శక్తి, రక్తప్రసరణ అంటూ సిద్ధాంతాలు ఇంకా ఉన్నాయి. చాలావాటితో నాకొక పేచీ. పడుకునే ఉండటం వల్ల కండరం మారిందా, కండరం మారబట్టి పడుకున్నారా? ఆరోగ్యంగా ఉండి కదలకుండా కూర్చునేవాళ్లతో పోల్చనిదే తేలదు. వరసగా రెండు రోజులు సైకిల్ తొక్కించి కొలిస్తే రెండో రోజు శక్తి పడిపోవడం మాత్రం ఒకటికి మించిన ల్యాబుల్లో చూశారు. అది కారణం చెప్పదు, కానీ రోగి మాట అబద్ధం కాదని చెబుతుంది. 2025లో ఎడిన్‌బరో వాళ్లు 15,579 మంది రోగుల జన్యువులు చూసి 8 చోట్ల తేడాలున్నాయన్నారు. ఇదీ మరొకరు తిరిగి చూడాల్సిందే.

మన ఉద్దానం కిడ్నీ జబ్బు చూడండి. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. అసలు కారణం ఇదీ అని ఖాయంగా తేలలేదు. అయినా కవిటిలోనో సోంపేటలోనో డయాలసిస్ మీదున్న మనిషిని నీకు జబ్బు లేదని ఎవరైనా అంటారా? అక్కడ రిపోర్టులో కిడ్నీ పాడైందని చూపించే క్రియాటినిన్ అంకె ఉంది. మా పిల్ల చూపించడానికి అంకె లేదు. తేడా అంతే.

రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బి12 ముందు చూపించండి. అవన్నీ బాగున్నా మనిషి లేవలేకపోతుంటే దయచేసి తిట్టి లేపకండి.

ముందు వరసలో ప్రిన్సిపాల్స్ ఉన్నారు. అయ్యా, ఇలాంటి పిల్లలకి అటెండెన్స్‌లో సడలింపు ఇప్పించండి, పరీక్ష మధ్యలో కాసేపు పడుకునే వీలు కల్పించండి. దరఖాస్తు రాసి తెచ్చాను, సభ అయ్యాక మీ చేతికే ఇస్తాను.