ఎనభై దాటాక పేగు ఆపరేషన్: వయసు చూడాలా, సత్తువ చూడాలా?

(స్టూడియోలో: పెద్దపేగు సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన కూతురు)

యాంకర్: పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ, పేషెంటుకి ఎనభై దాటాయి. "ఈ వయసులో కోతలెందుకండీ" అనేది ఇంట్లో వచ్చే మొదటి మాట. మీ ఇంట్లోనూ అంతేనా అమ్మా?

కూతురు: అంతేనండీ. నాన్నగారికి 81. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు వాడేవాళ్లం. వాడితే కాస్త పెరిగేది, ఆపితే పడిపోయేది. రోజూ పొలం దాకా నడిచే మనిషి వీధి చివరికి వెళ్లేలోపే కూలబడుతున్నారు. కొలనోస్కోపీ, అంటే గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయిస్తే కుడివైపు పేగులో గడ్డ బయటపడింది. "ఉన్నన్నాళ్లు ఉంటారు, కదపొద్దు" అన్నారు బంధువులంతా.

సర్జన్: ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ కుడివైపు గడ్డ చాలాసార్లు నొప్పి తెలియకుండా, కంటికి కనపడకుండా రక్తం కారుస్తుంది. పెద్దవాళ్లలో కారణం తెలియని రక్తహీనత ఉంటే పేగు చూడాల్సిందే. గడ్డను వదిలేస్తే ఒకరోజు పేగు మూసుకుపోయి, పొట్ట ఉబ్బి, వాంతులతో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి తెస్తారు. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే కీహోల్ ఆపరేషన్ చేద్దామన్నా ఉబ్బిన పేగుల మధ్య కెమెరా తిప్పడానికి చోటుండదు, చాలామందికి పెద్ద కోతే గతి. ప్రాణాపాయం కూడా అప్పుడే చాలా ఎక్కువ. భయపడి వాయిదా వేసినవాళ్లకే ఆ పెద్ద ఆపరేషన్ నెత్తిన పడటం చూస్తుంటే నాకు బాధేస్తుంది.

యాంకర్: చిన్న రంధ్రాల్లోంచి చేస్తే గడ్డ పూర్తిగా వస్తుందా అని అడుగుతుంటారు.

సర్జన్: 1990ల్లో మా డాక్టర్లకే ఆ అనుమానం ఉండేది. రంధ్రాల దగ్గర క్యాన్సర్ మళ్లీ పుడుతుందేమోనని భయపడ్డారు. ఉత్తర అమెరికాలో 872 మందిపై చేసిన ట్రయల్ ఫలితాలు 2004లో వచ్చాయి. మూడేళ్లకు జబ్బు తిరగబెట్టడంలో రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆస్పత్రిలో ఉన్నది కీహోల్‌కి ఐదు రోజులు, కోతకు ఆరు.

యాంకర్: ఒక్క రోజే కదా తేడా?

సర్జన్: పెద్దవాళ్లకు అసలు లాభం ఆ రోజులో లేదండీ, దగ్గులో ఉంది. పొట్ట మధ్యలో పొడుగాటి కోత ఉంటే నొప్పికి దగ్గలేరు. కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. కీహోల్‌లోనూ పేగు ముక్క తీయడానికి కొన్ని సెంటీమీటర్ల కోత పెడతాం, కానీ మర్నాడే మంచం దింపి నడిపించగలుగుతాం.

యాంకర్: మేడమ్, మత్తు ఇచ్చేది మీరు. మీకే ఎక్కువ టెన్షన్ ఉంటుందేమో?

మత్తు డాక్టర్: ఉంటుంది. ఇది అందరికీ సులువని చెబితే అబద్ధమవుతుంది. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతాం, అవసరాన్ని బట్టి టేబుల్‌ని తలవైపు వంచుతాం. దాంతో గుండె మీదా ఊపిరితిత్తుల మీదా భారం పడుతుంది. ఆపరేషన్ కూడా కాస్త ఎక్కువసేపు పట్టొచ్చు. కష్టమైతే మధ్యలో కోతకు మారతాం, అది ఓటమి కాదు. కేస్ షీట్‌లో వయసు కంటే ముందు నేను నడక చూస్తాను. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోమంటాను. లేచేటప్పుడు చేతులు ఊనుతున్నారా? తిరిగేటప్పుడు తూలుతున్నారా? ఈయన 81లో చకచకా నడిచారు. 68కే గోడ పట్టుకునేవాళ్లున్నారు. అలాంటివారికి వీలైతే కొన్ని వారాలు గుడ్లు, పప్పు, నడక, శ్వాస వ్యాయామాలతో సత్తువ పెంచి అప్పుడు చేస్తాం.

కూతురు: ఒకటి అడగాలి మేడమ్. ఆపరేషన్ అయిన రెండో రాత్రి నాన్నగారు సెలైన్ పీకేసి, ఎద్దులకు మేత వేయాలని లేచారు. మతి పోయిందేమోనని మేం ఏడ్చేశాం. ఇలా జరగొచ్చని ముందు ఎవరూ చెప్పలేదు.

మత్తు డాక్టర్: చెప్పి ఉండాల్సిందమ్మా. దాన్ని డెలీరియం అంటాం, పెద్దవాళ్లలో తరచూ వస్తుంది, ఎక్కువమందికి కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. కళ్లజోడు, చెవి మిషను ఆపరేషన్ తర్వాత వెంటనే పెట్టండి. రాత్రి తెలిసిన ముఖం పక్కనుండాలి. చేతులు కట్టేస్తే కంగారు ఇంకా పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, మూత్రం ఆగడం లాంటి కారణాలున్నాయేమో మేం వెతకాలి.

యాంకర్: ఇంటికెళ్లాక ఏం గమనించాలి డాక్టర్ గారూ?

సర్జన్: పేగు కలిపిన చోట లీకు. ఎక్కువగా మొదటి వారం పది రోజుల్లో బయటపడుతుంది. పెద్దవాళ్లలో జ్వరం రాకపోవచ్చు కూడా. నిన్న నడిచినాయన ఇవాళ లేవనంటే, నాడి వేగంగా కొట్టుకుంటే, పొట్ట ఉబ్బితే, మాట తడబడితే తెల్లారేదాకా ఆగొద్దు, అప్పుడే ఫోన్ చేయండి. రాత్రిపూట ఎత్తే నంబరు డిశ్చార్జి కాగితం మీద రాయించుకున్నాకే ఆస్పత్రి నుంచి బయల్దేరండి.