కోటి మంది మాటిస్తే నేనూ నేర్చుకుంటా

అందరికీ నమస్కారం. మాది నారాయణపేట. మా బజార్లో చీరల దుకాణం ముందు పది నిమిషాలు నిలబడితే చాలు, తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ చెవిన పడతాయి, సంత రోజైతే తండాల నుంచి వచ్చినవాళ్ల లంబాడీ కూడా. అన్ని ఊళ్లూ ఇట్లానే ఉంటాయనుకునేవాణ్ణి చిన్నప్పుడు. ఇవాళ ఎస్పెరాంటో అనే భాష కథ చెప్తా, ఇట్లాంటి ఊళ్లోనే పుట్టిన ఒకాయన కూర్చుని తయారుచేసిన భాష అది.

బియాలిస్టాక్ అనే ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది, అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉండేది. అక్కడా ఇంతే, యూదులది యిద్దిష్, మిగతావాళ్లవి పోలిష్, రష్యన్, జర్మన్. కానీ అక్కడ భాష తెలియకపోవడం పగగా మారింది. 1859లో ఆ ఊళ్లో ఒక యూదు టీచరు ఇంట్లో పుట్టిన జామెన్‌హోఫ్ చిన్నతనం నుంచీ వీధిలో ఈ గొడవలు చూసి చూసి, అందరికీ కలిపి ఇంకో భాష ఉంటే బాగుండని అనుకున్నాడు. ఎవరి ఇంటి భాషనూ తీసేయకుండా, పక్కన రెండో భాషగా. తర్వాత ఆయన కంటి డాక్టరయ్యాడు గానీ ఆ ఆలోచన వదల్లేదు.

ఇట్లాంటి పని చేసినవాళ్లలో ఆయన మొదటివాడేమీ కాదు. 1879లో ష్లేయర్ అనే జర్మన్ క్యాథలిక్ ఫాదర్ వోలాప్యూక్ అనే భాష తయారుచేశాడు. అది చాలా వేగంగా పాకింది, 1889లో పారిస్‌లో జరిగిన మహాసభ మొత్తం ఆ భాషలోనే నడిచింది. తర్వాత కొన్నేళ్లలోనే కూలిపోయింది. వ్యాకరణం కష్టంగా ఉంది, కొంచెం మార్చుకుందామని నేర్చుకున్నవాళ్లే అడిగారు. ష్లేయర్ ఒప్పుకోలేదు, చివరి మాట నాదేనన్నాడు. దేవుడే ఈ పని తనకు అప్పగించాడని నమ్మిన మనిషి, ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ భాషను కన్నవాడు దాన్ని చంక దించకపోతే అది నడవడం ఎప్పుడు నేర్చుకుంటుంది?

జామెన్‌హోఫ్ దించేశాడు. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. 1887లో మామగారు డబ్బులిస్తే వార్సాలో చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. అందులో 16 సూత్రాలు, దాదాపు 900 మూల పదాలు, అంతే. ఈ భాష అందరి సొత్తు, దీని మీద నాకే హక్కూ లేదని ఆ పుస్తకంలోనే రాసేశాడు. సొంత పేరు కూడా వేసుకోలేదు, డాక్టర్ ఎస్పెరాంటో అని వేసుకున్నాడు, అంటే ఆశ పెట్టుకున్నవాడు అని. చివరికి భాషకు ఆ పేరే నిలబడింది. పుస్తకంలో చీటీలు కూడా పెట్టాడు, 'కోటి మంది నేర్చుకుంటామని మాటిస్తే నేనూ నేర్చుకుంటా' అని సంతకం చేసి పంపడానికి. కోటి చీటీలు రాలేదు. ఆయన ఆగలేదు, 1889లో భాష నేర్చుకున్న 1000 మంది పేర్లూ అడ్రసులూ ఒక పుస్తకంగా వేసి, మీరు మీరు ఉత్తరాలు రాసుకోండని పంచాడు. 1905లో ఫ్రాన్స్‌లోని బులోన్‌లో మొదటి మహాసభ పెడితే 688 మంది వచ్చారు. అన్నాళ్లూ కాగితం మీద రాసుకున్న మనుషులు ఒకరి ముందు ఒకరు నిలబడి మాట్లాడుకున్నారు.

ఇంగ్లీషు ఉంది కదా, ఇదంతా ఎందుకని అడుగుతారు. మా పెద్దనాయన పాలమూరు లేబర్‌గా బొంబాయి పోయి బిల్డింగ్ పని చేశాడు. హిందీ నేర్చుకున్నాడు, బాగానే మాట్లాడేవాడు, అయినా మేస్త్రీతో కూలి లెక్క తేల్చుకునేటప్పుడు నోరు తడబడేదని చెప్పేవాడు. ఎదుటివాడు తన ఇంట్లో కూర్చుని మాట్లాడతాడు, మనం గడప బయట నిలబడి మాట్లాడతాం. అట్లా కాదు, ఇద్దరూ ఇల్లు దిగి చౌరస్తాకు రండి అన్నాడు జామెన్‌హోఫ్. నిజం చెప్పాలంటే ఎస్పెరాంటో మాటలు ఎక్కువగా యూరప్‌వే, ఆ చౌరస్తా మనకంటే వాళ్ల ఇళ్లకే దగ్గర. అయినా రెండు వైపులా నడవాల్సి రావడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

ఆ నడకకే కొందరు ప్రాణాలిచ్చారు. హిట్లర్‌కు ఈ భాష గిట్టలేదు, స్టాలిన్ కాలంలో ఈ భాష మాట్లాడేవాళ్లను పట్టుకుపోయారు, చంపారు. జామెన్‌హోఫ్ 1917లోనే పోయాడు. ఆయన ముగ్గురు పిల్లలనూ నాజీలు యూదులని చంపారు. చిన్నకూతురు లిడియా దేశాలు తిరిగి ఈ భాష నేర్పిన మనిషి, అమెరికాలో కూడా పాఠాలు చెప్పి 1938లో పోలండ్‌కు తిరిగొచ్చింది. 1942లో ట్రెబ్లింకా అనే నాజీల చావు శిబిరంలో చంపేశారు.

భాష చావలేదు. అది ఎట్లా ఉంటుందో కొంచెం చూపిస్తా. 'మీ' అంటే నేను, 'అమాస్' అంటే ప్రేమిస్తున్నా, 'వీ' అంటే నువ్వు, 'వీన్' అంటే నిన్ను. చివర ఆ 'న్' ఉంది చూశారా, మన 'నిన్ను'లో 'ను' చేసే పనే అది చేస్తుంది. అందుకే 'మీ అమాస్ వీన్' అన్నా 'వీన్ మీ అమాస్' అన్నా అర్థం మారదు, 'నేను నిన్ను', 'నిన్ను నేను' అన్నట్టే. ఇంకొకటి, 'సానా' అంటే ఆరోగ్యంగా ఉన్న. ముందు 'మల్' పెడితే అర్థం తిరగబడుతుంది, 'మల్సానా' అంటే జబ్బుపడ్డ. మనిషికి 'ఉల్', పేరుపదానికి చివర 'ఓ', కాబట్టి రోగి 'మల్సానూలో'. చోటుకు 'ఏయ్' తగిలిస్తే 'మల్సానులేయో', ఆస్పత్రి. ఒక్క వేరు నుంచి ఎంత దూరం వచ్చామో చూడండి, బట్టీ పట్టే పని లేదు.

ఇప్పుడు మీ వంతు. 'లెర్న్' అంటే నేర్చుకోవడం. చోటుకు ఏం తగిలించాలో చెప్పా, చివర ఏం రావాలో చెప్పా. బడిని ఏమంటారు? వెనక వరుసలోంచి చెప్పండమ్మా.