మైక్రోస్కోప్‌లో ప్రతి నాణెమూ ఎర్రరే! లూప్ కొనాలా, మైక్రోస్కోప్ కొనాలా?

నమస్తే అండీ. ఈరోజు టేబుల్ మీద రెండు పెట్టాను. ఒకటి పదింతలు పెద్దగా చూపించే చేతి లూప్, అంటే చిన్న భూతద్దం. రెండోది కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ మైక్రోస్కోప్. నాణేల్లో ఎర్రర్లు, అంటే టంకశాలలో జరిగిన తప్పులు, వెతకడానికి ఏది పనికొస్తుందంటే, ముందే చెప్పేస్తున్నా, లూపే.

మైక్రోస్కోప్ వచ్చిన మొదటి వారంలోనే నాకు 11 డబుల్డ్ డైలు, అంటే ముద్ర వేసే అచ్చులోనే (డైలోనే) బొమ్మ రెండుగా పడ్డ నాణేలు, దొరికాయండీ! రాత్రి నిద్ర పడితే ఒట్టు. తీరా చూస్తే ఒక్కటీ కాదు.

ఇదిగో, వాటిలో ఒకటి. అక్షరం పక్కన చదునుగా చిన్న మెట్టు ఉంది కదా? ముద్ర పడే క్షణంలో డై వదులుగా ఉండి కదిలితే, అప్పుడే లేచిన అక్షరం అంచును నొక్కేస్తుంది. అంటే అక్షరం తన వెడల్పులోంచే కొంత పోగొట్టుకుంది. ఇది మెషిన్ డబ్లింగ్. బోలెడు దొరుకుతాయి.

అసలు డబుల్డ్ డైలో తప్పు డైలోనే ఉంటుంది. పాత పద్ధతిలో డై తయారీకి హబ్‌తో, అంటే బొమ్మ ఉబ్బెత్తుగా ఉన్న ఉక్కు కడ్డీతో, ఒకసారి నొక్కి, కాల్చి మెత్తబరిచి, మళ్లీ నొక్కేవారు. రెండోసారి కాస్త పక్కకు తిరిగిందా, బొమ్మ రెండుగా పడుతుంది. ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే జంట. అందుకే దాన్ని వెరైటీ అంటారు. రెండో అక్షరం కూడా నిండుగా, గుండ్రంగా లేచి ఉంటుంది, మూలల్లో చీలిక కనిపిస్తుంది. అమెరికా 1955 లింకన్ సెంట్ డబుల్డ్ డైలో అయితే అంకెలు ఉత్త కంటికే రెండుగా కనిపిస్తాయి, ఏ అద్దమూ అక్కర్లేదు.

మరి మైక్రోస్కోప్ ఎందుకు మోసం చేసింది? దాని లైటు లెన్స్ చుట్టూ గుండ్రంగా ఉంది. అన్ని వైపుల నుంచీ వెలుతురు పడితే నీడ ఉండదు, నీడ లేకపోతే మెట్టూ గుండ్రమూ ఒకేలా కనిపిస్తాయి. పగుళ్లతోనూ ఇదే గొడవ. డై పగిలితే ఆ సందులోకి లోహం పారి నాణెం మీద గీత ఉబ్బుతుంది, తర్వాత పడిన గీరైతే లోతుకు దిగుతుంది. స్క్రీన్ మీద రెండూ గీతలే! లూప్ పట్టుకుని, ఒక్క దీపం కింద నాణేన్ని అటూ ఇటూ వంచితే నీడే చెప్పేస్తుంది.

లూప్‌కూ లోపాలున్నాయి. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు మొదట్లో చిరాకు. కంటికి బాగా దగ్గరగా పెట్టుకోవాలి, లేకపోతే అంచులు మసకే. ఫొటో తీయాలంటే మాత్రం మైక్రోస్కోపే, ఇందాక మీరు చూసిన క్లోజప్ దానిదే.

అన్నట్టు, అంచు కొరికినట్టున్న నాణెం దొరికితే ఏ పరికరమూ వద్దు. కొరికినచోటికి సరిగ్గా ఎదురుగా అంచు చూడండి. అక్కడ పలచబడి ఉంటే టంకశాలలోనే జరిగి ఉండొచ్చు, నిండుగా ఉంటే ఎవరో కోశారేమోనని అనుమానించాలి.

ఆ 11లో 3 ఈ వీడియో కోసం దాచాను. మిగతావి చిల్లరలో కలిపేశాను.