వాల్వు తిప్పేది ఎవరు?

హోస్ట్: నమస్కారం. ఈరోజు అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర ఒక వేరుశనగ చేను గట్టు మీద కూర్చుని మాట్లాడుతున్నాం. మోటారు శబ్దం వినిపిస్తే సర్దుకోండి. అన్నా, ఈ బోరు మీదేనా?

రైతు: వేయించింది నేనేనమ్మా. నీళ్లు మాత్రం తొమ్మిది ఇళ్లవాళ్లం వాడుకుంటున్నాం.

హోస్ట్: సొంత డబ్బుతో వేసిన బోరు కదా, పంచుకోవడానికి మనసెలా ఒప్పింది?

రైతు: మొదట ఒప్పలేదు. మూడు బోర్లు వేశా. రెండింట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మూడోదానికి మా ఇంటామె మెడలోది తాకట్టు పెట్టాం. నీళ్లు పడ్డాయని సంతోషపడితే, పక్క చేలో ఇంకా లోతుగా బోరు దిగింది. నాది ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది. వాళ్లను ఏమనగలను? వాళ్ల చేనూ ఎండుతోంది.

హోస్ట్: అనుమతి లేకుండా బోరు వేయకూడదని 2002 నుంచి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది కదా?

రైతు: రాత్రికి రాత్రి రిగ్గు బండి వస్తే చట్టం ఎక్కడుంటుందమ్మా? పక్క చేను వాడే వద్దనాలి. వద్దన్నప్పుడు బోరు మానుకున్నవాడికి నీళ్లు మనమే ఇవ్వాలి. అందుకే కొత్త బోరు వేయం, బోర్ల కింద వరి పెట్టం అని ముందే రాసుకున్నాం.

హోస్ట్: వరి మానుకోవడం కష్టమే.

రైతు: కష్టమే. కానీ లెక్క చూడు. ఎకరానికి అంగుళం తడి ఇవ్వాలంటే లక్ష లీటర్లు దాటుతుంది. నా బోరు సెకనుకు 2 లీటర్లు పోస్తుంది. 9 గంటల కరెంటుకు 65 వేల లీటర్లు. అంటే ఎకరం తడవడానికి రోజున్నర పైనే. అదే వరికైతే పంట మొత్తానికి ఎకరాకు దాదాపు 50 లక్షల లీటర్లు తాగుతుంది. ఒక్కో బోరు కింద ఎకరంన్నర పండేది, అంతే. ఇప్పుడు నాదీ, పక్క చేలవాళ్లవీ కలిపి నీళ్లున్న మూడు బోర్లను ఒకే పైపులైనుకు కలిపి, స్ప్రింక్లర్లతో 18 ఎకరాల చెనక్కాయకు చుట్టు తిప్పుతున్నాం. తొమ్మిది, పది రోజులకు ఒక చుట్టు పూర్తవుతుంది.

హోస్ట్: ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో అది చాలా పెద్ద మాట.

రైతు: వాన మొత్తం ఎంతన్నది కాదమ్మా, ఎప్పుడు పడిందన్నదే మాకు ముఖ్యం. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగేటప్పుడు నేల గట్టిపడితే ఊడ లోపలికి పోదు. పైన చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కాయ ఉండదు. ఆ ఒక్క తడి దొరికితే కాయ నిలుస్తుంది.

హోస్ట్: గొడవలు రాలేదా?

రైతు: రాకుండా ఎలా ఉంటాయి! మొదటి ఏడు వాల్వు నేనే తిప్పేవాణ్ని. నావాళ్లకే ముందు వదులుతున్నానని మాట వచ్చింది. బాధేసింది. కానీ వాళ్ల అనుమానం న్యాయమే. మా తాతల కాలంలో చెరువు కింద నీరుగట్టి ఉండేవాడు. ఏ మడికి ఎంతసేపు అన్నది ఆయనే చూసేవాడు, కళ్లంలో ఆయనకు ధాన్యం కొలిచేవాళ్లు. అది గుర్తొచ్చి, బోరు లేని ఒకాయనకు వాల్వుల పని అప్పగించాం. తడికి ఇంత అని ఇస్తాం. స్టార్టరు డబ్బా లోపల నోటు పుస్తకం వేలాడుతుంటుంది. ఎవరి చేనుకు ఎన్ని గంటలకు వదిలాడో, ఎప్పుడు కట్టాడో అందులో రాస్తాడు. కరెంటు పోయిన గంటలు కూడా.

హోస్ట్: మధ్యలో వాన వస్తే వరుస?

రైతు: ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలు. మొదటి నుంచి తిప్పితే చివరి చేలవాళ్లకు ఎప్పటికీ తడి రాదు. ఈ ఒక్క మాట కోసం మూడు రాత్రులు కూర్చున్నాం.

హోస్ట్: ఇంకా తేలనిది ఏదైనా ఉందా?

రైతు: ఉంది. మోటారు కాలితే డబ్బు ఇంటికింత వేసుకోవాలా, ఎకరాకింత వేసుకోవాలా? ఎకరంవాడు ఒకటంటాడు, నాలుగెకరాలవాడు ఇంకోటంటాడు. ఈ ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.